జున్ను మనకు, చక్కెరనీళ్ళు బిడ్డకు

మా సీమలో ఇంట్లో ఆవో ఎనుమో ఈనిందంటే ఆ మూడు నాలుగు రోజులూ ఇరుగుపొరుగులకు కూడా పండగే. ముర్రుపాలలో బెల్లమూ, యాలకులూ, కాసిన్ని మిరియాలూ కలిపి ఆవిరిమీద ఉడికించి, ముక్కలు కోసి గిన్నెలకు పెట్టి పంచుతారు. అయితే జున్నుకంటే ముందు జరిగే పని ఒకటుంది. దూడ తడబడుతూ లేచి నిలబడగానే దాని మూతిని పొదుగుకు పట్టించి తొలిపాలు తాగిస్తారు. ఆ పాలు కడుపున పడని దూడ నిలవదని రైతుకు ఏ పశువైద్యుడూ చెప్పనక్కరలేదు. అదే ఇంట్లో కూతురో కోడలో బిడ్డను కన్నప్పుడు మాత్రం లెక్క మారిపోతుంది. పసుపుపచ్చగా, చిక్కగా, కొద్దికొద్దిగా వచ్చే ఆ తొలిపాలు మంచివి కావనీ, అరగవనీ పిండి పారబోసి, బిడ్డ నాలుకకు తేనె నాకించి, చక్కెరనీళ్ళు పోసి, ఆముదం చుక్క వేసి మూడోనాటిదాకా నెట్టుకొచ్చిన ఇళ్ళు మొన్నమొన్నటి వరకూ ఎన్నో. ఆ ఆచారం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

దూడకు తల్లి గర్భంలో ఉండగా రోగాలను ఎదిరించే శక్తి ఏమీ రాదు. దానికి దక్కేదంతా ముర్రుపాలలోనే. మనిషి బిడ్డకు కొంత మాయ ద్వారా ముందే అందుతుంది. పేగుకూ గొంతుకూ పూతలా కాపలా కాసే మిగతా భాగం ఆ పచ్చటి తొలిపాలతోనే రావాలి. ఆఫ్రికాలోని ఘనా పల్లెల్లో దాదాపు 11 వేల మంది పసికందులను గమనించి 2006లో ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. పుట్టిన గంటలోపే అందరికీ తల్లిపాలు పట్టగలిగితే అక్కడి పురిటి శిశువుల మరణాల్లో నూటికి 22 తప్పించవచ్చునని అది తేల్చింది. ఖర్చు లేని మందు ఇంత పనిచేసిన సందర్భాలు వైద్యశాస్త్రంలో అరుదు.

ఇంతవరకూ చెప్పినది చదివి పల్లెటూరి అజ్ఞానాన్ని తిట్టిపోసి చేతులు దులుపుకోవచ్చు. చాలామంది చేసే పని అదే. బాలింతకు విద్య నేర్పాలి, అవగాహన కలిగించాలి అని సభల్లో అంటూ ఉంటారు. ఆ మాట తప్పని నేననను. కానీ అది చేరవలసిన చెవి బాలింతది ఒక్కటే కాదు. కర్నూలు, కడప జిల్లాల్లో నేను చూసినంతలో, పందొమ్మిదీ ఇరవై యేళ్ళ ఆ పిల్లకు ఈ విషయంలో తెలియనిదానికంటే చేతిలో లేనిదే ఎక్కువ. ఉపదేశమంతా ఆమెకు, నిర్ణయాలన్నీ ఇతరులవి.

2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ లెక్కలు చూడండి. నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మంత్రసాని కాలం దాదాపుగా ముగిసింది. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు సుమారు సగం మందే. అంటే డాక్టరూ నర్సూ పక్కన ఉండగానే మిగతా సగానికి ఆ గంట గడిచిపోయింది. చక్కెరనీళ్ళ గిన్నె పట్టుకున్న అవ్వ ఒక్కతే ఇంతమందిని ఆపగలదా?

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 60కి పైమాటే. ఆపరేషన్ అయినంత మాత్రాన గంటలోపు పాలివ్వకూడదని ఏ వైద్యగ్రంథమూ చెప్పదు. నడుముకు మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కన ఒక మనిషి బిడ్డను పట్టుకుంటే చాలు. ఆ ఒక మనిషే దొరకదు. మా దగ్గరి బంధువుల అమ్మాయికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో (ఊరూ పేరూ ఇక్కడ అనవసరం) ఆపరేషన్ అయినప్పుడు, ఆమెను ఇంకా వార్డుకు తేకముందే మందుల చీటీలో డబ్బాపాలు రాసిచ్చారు. వాళ్ళమ్మ పరుగున వెళ్ళి తెచ్చింది. డాక్టరు చీటీలో ఉన్నదాన్ని కాదనే ధైర్యం మన దేశంలో ఏ అమ్మమ్మకు ఉంటుంది? రెండు రోజులు సీసాకు అలవాటు పడిన బిడ్డ రొమ్ము అందుకోలేదు. మూడోనాడు ‘పిల్లకు పాలు పడలేదు’ అని తీర్పు వెలువడింది. ఆ తీర్పు మోసింది మాత్రం బాలింతే.

డబ్బాపాల ప్రకటనలనూ, ఉచిత నమూనాలనూ, ఆసుపత్రి సిబ్బందికి ఇచ్చే బహుమానాలనూ నిషేధిస్తూ మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. 2003లో దాన్ని మరింత బిగించారు. ఈ విషయంలో మనది ప్రపంచంలోని గట్టి చట్టాల్లో ఒకటి. గోడమీది బొద్దుపిల్లవాడి బొమ్మను ఆ చట్టం తీసేయగలిగింది. చీటీమీది రాతను తీసేయలేకపోయింది.

పాలు పడకపోవడం అన్న మాటను కొంచెం ఆగి చూడాలి. మనకు ‘చేపు’ అని చక్కటి మాట ఉంది. దూడ వచ్చి పొదుగును తలతో పొడిచి నోటబట్టినప్పుడు ఆవు చేపుతుంది; దూడ లేకపోతే పితకబోయినవాడికి పొదుగులో ఉన్న పాలు కూడా రావు. తల్లి సంగతీ ఇదే. బిడ్డ చప్పరించే కొద్దీ తల్లి మెదడులో రెండు రసాయనాలు విడుదలవుతాయి. ఒకటి పాలను తయారుచేయిస్తుంది, రెండోది చేపు తెస్తుంది. బిడ్డను దూరంగా పెట్టి పాలు పడలేదనడం, దూడను కట్టేసి ఆవు చేపలేదనడంతో సమానం. పైగా తొలినాడు బిడ్డ కడుపు గోలీకాయంత. చెంచాడు పాలు ఆ పూటకు సరిపోతాయి. ‘ఇంతేనా వస్తున్నది’ అని భయపడవలసిన పని లేదు. ఈ మాటలను నేను ఒకసారి ఎనుములు మేపే ఒక పెద్దావిడతో అంటే ఆమె నన్ను ఎగాదిగా చూసి, ‘‘ఇది చెప్పేదానికి నువ్వు రావల్లనా నాయనా?’’ అంది. తెలుసు ఆమెకు. కొట్టంలో తెలిసినది పురిటి గదిలోకి తీసుకురావచ్చునని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. అవ్వ అనండి, జేజి అనండి, అమ్మమ్మ అనండి, ఆ పెద్దావిడను అడ్డంకిగా కాక తెలిసిన మనిషిగా పలకరించే ఆరోగ్య కార్యక్రమాన్ని నేను ఇంతవరకూ చూడలేదు.

సీమకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు 45 డిగ్రీల దాకా పోతుంది. పెద్దవాళ్ళకే నోరు పిడచకట్టే ఆ ఎండలో రెండు నెలల బిడ్డకు చుక్క నీళ్ళు పోయవద్దంటే ఏ ఇంట్లోనైనా క్రూరంగానే వినిపిస్తుంది. ఇక్కడ ఉపదేశం చాలదు, కారణం చెప్పాలి. తల్లిపాలలో నూటికి 87, 88 వంతులు నీళ్ళే. ఎంత ఎండలోనైనా ఆరునెలల లోపు బిడ్డకు ఆ నీళ్ళు చాలు. దాహమేస్తే బిడ్డ మరో రెండుసార్లు రొమ్ము అడుగుతుంది. మనం నీళ్ళు పోస్తే ఆ చిన్న కడుపు నిండి రొమ్ము అడగదు, అడగకపోతే చేపు తగ్గుతుంది, తగ్గితే డబ్బా వస్తుంది. నీళ్ళు తాగవలసినది తల్లి. విచిత్రమేమిటంటే మన పత్యంలో బాలింతకే నీళ్ళు తగ్గిస్తారు! వెల్లుల్లి కారం, పొడి అన్నం పెట్టి, దప్పిక అంటే ఓర్చుకోమంటారు. దప్పిక పడవలసిన అవసరం లేని బిడ్డకు నీళ్ళు, అవసరమున్న తల్లికి కరువు.

ఇంతకూ ఏ నీళ్ళు? 2021 ఏప్రిల్‌లో పాణ్యం మండలం గోరుకల్లులోనూ, ఆదోనిలోనూ తాగునీరు చెడి వాంతులు, విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. పెద్దవాళ్ళే తట్టుకోలేకపోయిన నీటితో పాలపొడి కలిపి సీసాలో పోస్తే ఏమవుతుంది? కొళాయి రోజూ రాని ఊళ్ళో సీసాను రోజుకు ఎనిమిదిసార్లు మరగబెట్టి కడగడం సాధ్యమేనా? పోతపాల మీద అమెరికాలో జరిగే చర్చ వేరు, ఆలూరులో జరగవలసిన చర్చ వేరు. అక్కడ అది సౌకర్యానికి సంబంధించినది, ఇక్కడ నీటికి.

భాష మీద మక్కువ ఉన్న మిత్రుల కోసం ఒక పిడకలవేట. ఆరోగ్య శాఖల కరపత్రాల తెలుగు ఎప్పుడైనా చదివారా? వ్యాధినిరోధకత, స్తన్యపానం, అనుబంధ ఆహారం... వీటిలో ఒక్కటైనా బాలింత నోట విన్నామా? ‘ఆర్నెల్లూ ఉత్త చనుబాలే, నీళ్ళు కూడా వద్దు’ అంటే అర్థం కాని ఇల్లు మా వైపు లేదు. ఎవరూ అట్లా రాయరు. తెలుగులో రాసినంత మాత్రాన తెలుగువాళ్ళకు చెప్పినట్లు కాదని మనలో కొందరం ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాం. పాఠ్యపుస్తకంలో ఆ తెలుగు వల్ల మార్కులు పోతాయి, ఇక్కడ అంతకంటే విలువైనది పోతుంది. 2016లో కేంద్రం తల్లిపాల ప్రచారానికి ‘మా’ అని పేరు పెట్టింది. హిందీలో అమ్మ. తెలుగులో చదివితే ‘మా’ ఏమిటి, మా ఇల్లా, మా ఊరా?

ఇక టీకాలు. పాలకూ టీకాకూ పోటీ ఉన్నట్లు, తల్లిపాలు తాగే బిడ్డకు సూదులెందుకని అడిగేవాళ్ళున్నారు. అడగదగిన ప్రశ్నే. పాలు ఇచ్చే కాపలా తాగినంత కాలమే ఉంటుంది. అదీ ముఖ్యంగా పేగుకు, గొంతుకు. కోరింత దగ్గునూ, ధనుర్వాతాన్నీ, కంఠసర్పినీ, తట్టునూ ఎదుర్కోవడం బిడ్డ ఒళ్ళు తానుగా నేర్చుకోవాలి. టీకా నేర్పేది అదే. నిజానికి ఈ రెండూ ఒకదానికొకటి తోడు. సూది వేసేటప్పుడు బిడ్డను రొమ్ముకు పట్టుకొని ఉంటే నొప్పి తక్కువగా తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ఈ పద్ధతిని సిఫారసు చేసింది. పోలియో చుక్కలకు ముందూ వెనుకా పాలివ్వకూడదన్న మాటలో కూడా నిజం లేదు.

టీకాకు పెద్దావిడ ఒప్పుదల ఎంత ముఖ్యమో రెండు వందల యేళ్ళ క్రితమే తెలిసినవారున్నారు. 1805 ప్రాంతంలో థామస్ హికీ గీసిన ముగ్గురు మైసూరు రాణుల చిత్రం ఒకటుంది. చాలాకాలం దాన్ని ఉత్త అందగత్తెల బొమ్మ అనుకున్నారు. అది మశూచి టీకాకు ప్రచారచిత్రమని తరువాత చరిత్రకారులు వాదించారు. అందులో చిన్నరాణి చీర చెంగు తొలగించి టీకా వేయించుకున్న చెయ్యి చూపిస్తున్నదనీ, నడుమ నిలబడినది రాజుగారి అవ్వ లక్ష్మమ్మణ్ణి అనీ వారి అభిప్రాయం. కడప సీమ కూడా అంతకు కొన్నేళ్ళ ముందు మైసూరు ఏలుబడిలో ఉండినదే. రాజభవనంలో కూడా కోడలి చెయ్యి ఒక్కటే చాలలేదు, అవ్వ కూడా పటంలోకి రావలసి వచ్చింది!

మశూచి మన దేశంలో 1975తో ముగిసింది. దాంతో భయమూ పోయింది. ఇది టీకాలకున్న దురదృష్టం; పని చేసిన కొద్దీ అవి అనవసరంగా కనిపిస్తాయి. 1999 చివర్లో కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మెదడువాపు వ్యాధి పిల్లలను పొట్టన పెట్టుకున్న రోజులు గుర్తున్నవారికి టీకా మాట వేరుగా వినిపిస్తుంది. గుర్తు లేనివారికి కనిపించేది సూది వేసిన రాత్రి వచ్చే జ్వరం మాత్రమే. అయిదు రోగాలకు కలిపి వేసే సూది తరువాత జ్వరం రావచ్చనీ, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందనీ, క్షయ టీకా వేసినచోట కొన్ని వారాల తరువాత చిన్న పుండై మానుతుందనీ ముందే చెబితే గొడవే లేదు. చెప్పకపోతే ఆ రాత్రి ఏడుపే ఆ ఇంట టీకాల చరిత్ర అవుతుంది. ‘పోయినసారి సూది వేయించి నా మనవణ్ణి రెండు రోజులు ఏడ్పించినారు’ అన్న అవ్వ మాటకు కరపత్రంలో జవాబు లేదు.

అక్షరాస్యత పెరిగితే ఇవన్నీ సర్దుకుంటాయని నమ్మేవారికి ఒక మాట. తట్టు టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందన్న పుకారు పుట్టింది లండన్‌లో, 1998లో, పేరున్న ఒక వైద్య పత్రికలో. 2010లో ఆ పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది, రాసిన డాక్టరు పట్టా పోయింది. అయినా 2017లో తట్టు, రుబెల్లా టీకాల ఉద్యమం జరిగినప్పుడు తమిళనాడు, కర్ణాటకలలో వాట్సాపుల్లో తిరిగిన భయాలకు ఆ పాత పుకారుతో చుట్టరికముంది. వాటిని పంచినవాళ్ళు చదువు రానివాళ్ళు కారు. ఆముదం చుక్క వేసే అవ్వను మూఢురాలు అంటాం, అబద్ధాన్ని అయిదువందల మందికి పంపే ఇంజనీరును ఏమంటాం?

కర్నూలు జిల్లా టీకాల్లో వెనుకబడినదని కేంద్రం ఎరగకపోలేదు. 2014 డిసెంబరులో మిషన్ ఇంద్రధనుష్ మొదలుపెట్టి తొలివిడతలో 201 జిల్లాలను ఎంచుకున్నప్పుడు అందులో కర్నూలు ఉంది. తరువాత మెరుగు కూడా కనిపించింది. 2016లో విరేచనాల నుంచి కాపాడే రోటా టీకాను దేశంలో తొలిగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. అది తయారైనదీ హైదరాబాదులోనే. అయినా నే చెప్పిన సర్వేనాటికి రాష్ట్రంలో అన్ని టీకాలూ పూర్తయిన పిల్లలు నూటికి 73 మంది. మిగిలిన 27 మంది ఎవరు? వాళ్ళమ్మలందరూ టీకా వద్దన్నవాళ్ళేనా?

కాదనడానికి మన ఆచారమే సాక్షి. తొలికాన్పు పుట్టింట్లో. పుట్టగానే వేసేవి అక్కడ పడతాయి. తరువాతివి ఆరు, పది, పద్నాలుగు వారాలకు. మూడోనెలలోనో అయిదోనెలలోనో బిడ్డనెత్తుకొని అత్తవారింటికి పంపుతారు. పద్నాలుగో వారం సరిగ్గా ఆ ప్రయాణం దగ్గర వచ్చి కూర్చుంటుంది. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్త పుస్తకంలో ఆ బిడ్డ ‘వెళ్ళిపోయింది’. అత్తింటి ఊరి పుస్తకంలో ఇంకా ‘రాలేదు’. కార్డు అమ్మమ్మ ఇంట్లో ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంటుంది. తొమ్మిదో నెల తట్టు టీకా వేళకు అసలు ఏవి వేశారో చెప్పేవారుండరు. ఇందులో ఎవరి అజ్ఞానమూ లేదు. తెలుగు ఆడపిల్ల పుట్టినింటికీ మెట్టినింటికీ నడుమ నడిచే దారి పట్టిక రాసినవారికి తెలియదు, అంతే. సారెతో పాటు కార్డు కూడా పెట్టాలని ఒక్క మాట పుట్టింటి పెద్దావిడకు చెబితే సగం చిక్కు విడిపోతుంది. సారె పెట్టేది ఆమే కదా.

ఆ మాటతో తీరని చిక్కు సుగ్గి. కోసిగి, ఆదోని, ఆలూరు, మంత్రాలయం వైపు వానలు మొండిచేయి చూపిన ఏడు ఊళ్ళకు ఊళ్ళే కూలికి పోతాయి. గుంటూరు మిరపచేలకు, తెలంగాణకు, బెంగళూరుకు. చంటిబిడ్డ తల్లి కూడా పోతుంది. ఆమె గెనెం మీద చీరతో ఉయ్యాల కట్టి, ఘాటు గాలిలో బిడ్డను పడుకోబెట్టి కాయలు కోస్తుంది. కోసినదానికే కూలి కాబట్టి పాలివ్వడానికి లేచిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. ఆమెకు ఆరునెలలు ఉత్త తల్లిపాలు అని బోధించడానికి నాకు నోరు రాదు. ఆఫీసు ఉద్యోగినికి 2017 సవరణతో 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. మిరపచేలో తల్లికి మాతృవందన పథకం కింద తొలిబిడ్డకు 5 వేల రూపాయలు; అందులో కొంత టీకాలు వేయించినట్లు చూపితేనే. ఆరునెలల కూలికి ఆ డబ్బు ఏ మూలకు? పైగా బుధ, శనివారాల్లో సొంత ఊళ్ళో టీకాలు వేసేనాటికి ఆమె నల్లమల దాటి అవతల ఎక్కడో గుడిసెలో ఉంటుంది. అక్కడి నర్సుకు ఈ బిడ్డ లెక్కలో లేదు.

2023లో ప్రయోగాత్మకంగా మొదలైన యు-విన్ అనే కంప్యూటరు పద్ధతిలో బిడ్డ ఏ ఊళ్ళో ఉన్నా టీకా వివరాలు దొరికే ఏర్పాటుంది. ఊరు మారే తల్లికి ఇంతకంటే పనికివచ్చేది లేదు. కానీ ఆ వివరాలు ఫోను నంబరుకు ముడిపడి ఉంటాయి. సుగ్గికి పోయిన ఇంట్లో ఫోను భర్త జేబులో ఉంటుంది, ఒక్కోసారి మార్చిన సిమ్ముతో. అందువల్ల ఫోనుతో పాటు పాతకాలపు మార్గం కూడా కావాలి. కూలీల జాబితా ఏడాదికేడాది తప్పకుండా రాసే మనిషి ఒకడున్నాడు. ముఠా మేస్త్రీ. ఎవరింటినుంచి ఎందరు లారీ ఎక్కారో, ఎన్ని నెలల బిడ్డలున్నారో, ఏ ఊరి చేలో దిగారో అతనికి తెలిసినంత ఏ కార్యాలయానికీ తెలియదు. అడ్వాన్సు లెక్కలు రాసుకునే అతని నోటుపుస్తకంలో చంటిబిడ్డల పేర్ల ఎదుట ఏ టీకా ఎప్పుడన్నది రాయించడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు కాదు. ఉగాదికి చాలామంది తిరిగొస్తారు. ఆ వారం రోజులూ టీకాల నర్సు బుధవారం, శనివారం అని చూడకుండా ఆ పల్లెల్లోనే ఉండాలి. ఎందుకంటే పండగ ముగిశాక మళ్ళీ లారీ ఎక్కేవాళ్ళుంటారు.